యెహెజ్కేలు గారి కరెంటు పరీక్ష

యెహెజ్కేలు గారు పరీక్ష పెట్టకుండా ఎవరింటికీ కరెంటు ఇవ్వరు.

నవ్వులాటకి అంటున్నానని అనుకోవద్దు. వైర్లు లాగడం, బోర్డులు బిగించడం, గోడకి పడ్డ కన్నాలు సిమెంటుతో పూడ్చడం అన్నీ అయ్యాక ఆయన చేతులు సబ్బుతో కడుక్కుంటారు. కళ్ళజోడు తుడుచుకుంటారు. ఇంట్లోవాళ్ళందరినీ హాల్లో వరసగా నిలబెట్టి, జేబులోంచి చిన్న నోటుబుక్కు తీసి, "ఇస్త్రీపెట్టె ప్లగ్గు ఎలా పీకుతారండి? వైరు పట్టుకునా, తల పట్టుకునా?" అని మొదలుపెడతారు. పాసైనవాళ్ళ చేతికే మెయిన్ పెట్టె తాళంచెవి. ఎవరూ పాసవకపోతే "మళ్ళీ మంగళవారం వస్తానండి, ఈలోగా కాస్త చదువుకోండి" అని స్కూటరెక్కి వెళ్ళిపోతారు. మంగళవారం దాకా ఆ ఇంట్లో కొవ్వొత్తులే గతి.

పాసు మార్కు ఎంతని ఎవరో అడిగితే, "నూటికి నూరండి. కరెంటు దగ్గర గ్రేసు మార్కులుండవు" అన్నారట.

ముప్ఫై ఒక్క ఏళ్ళు ఐటీఐలో వైర్‌మన్ కుర్రాళ్ళకి పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఉద్యోగం వదిలింది గానీ ప్రశ్నపత్రం వదల్లేదని పెనుగొండలో అందరూ నవ్వుకునేవారు. ఆయన వెళ్ళే లూథరన్ చర్చిలో ఓ క్రిస్మసుకి గోపురం మీద పెద్ద నక్షత్రం కట్టి, మామూలు ప్రకారం పరీక్ష పెట్టారు. పాస్టరు గారు ఆరో ప్రశ్న దగ్గర తప్పారు.

"మాస్టారూ, నేను దేవుని సేవకుణ్ణి కదండీ!"

"అందుకేనండి. ఇంకో ఇరవై ఏళ్ళు సేవ చెయ్యాలిగా తమరు."

చివరికి చర్చి ఊడ్చే సత్యకుమారి పాసైంది. ఆ ఏడు నక్షత్రాన్ని రోజూ సాయంత్రం ఆరింటికి ఆవిడే వెలిగించింది. పాస్టరు గారు కింద నిలబడి చూసేవారు.

ఇంకోసారి భీమవరంలో ఓ ఐసు ఫ్యాక్టరీకి వెళ్ళారు. ఓనరు గారు ఏసీ గదిలో కూర్చోబెట్టి కూల్‌డ్రింకు ఇచ్చారు. అది తాగి, ఓనర్ని రెండే ప్రశ్నలడిగి వదిలేసి, నడుముకి గోనె కట్టుకుని ఐసు దిమ్మలు లాగేవాళ్ళని మాత్రం గంటన్నర అడిగారు. ఓనరుకి చిన్నతనమనిపించింది. "నేనుండగా వాళ్ళనడుగుతారేంటండీ?" అన్నాడు. "తమరు బూట్లేసుకున్నారు కదండీ" అన్నారు యెహెజ్కేలు గారు. ఆ జవాబు ఓనరుకి అర్థం కాలేదు. విన్నవాళ్ళెవరికీ అర్థం కాలేదు. వయసు మీద పడి చాదస్తం ముదిరిందని సరిపెట్టుకున్నారు.

మెయిన్ రోడ్డులో స్టీలు సామాన్ల కొట్టున్న కుక్కుటేశ్వరరావు గారికి ఈ కథలన్నీ తెలుసు. తెలిసే, ఆ మాస్టార్ని ఇంటికి పిలవాల్సిన అవసరం రాకూడదని కోరుకుంటూ ఉండేవారు. కానీ వచ్చింది, అదీ చక్రాల మీద.

ఆయన తల్లి మాణిక్యాంబ గారికి ఎనభై రెండేళ్ళు. పడుకుంటే ముక్కుకి తొడుగు పెట్టుకుని ఊపిరి మిషను ఆన్ చేసుకోవాలి. ఆ మిషను ఇంట్లోకి వచ్చాక మూడేళ్ళుగా ఆవిడ ఊరు దాటలేదు. అంతకుముందు ఏ ఏడూ అన్నవరం వెళ్ళి సత్యనారాయణస్వామి వ్రతం చేసుకోకుండా ఉన్నది లేదు. "ఇంక ఆ కొండ ఎక్కే యోగం లేదులేరా" అని ఆవిడ ఒకరోజు మామూలుగా, పప్పులో ఉప్పు తక్కువైందని చెప్పినట్టు అనేశారు. కొడుక్కి ఆ పూట అన్నం సహించలేదు. నాలుగు నెలలు తిరిగి ఓ కారవాన్ కొనుక్కొచ్చారు. పొడుగాటి వ్యాను. అందులోనే మంచం, ఫ్రిజ్జు, ఏసీ, చిన్న వంటగట్టు, బాత్రూము.

డాక్టరు గారు ఒక్క షరతు పెట్టారు. "ముందు ఇంటిదగ్గరే రెండు రోజులు ఆ బండిలో పడుకోబెట్టి చూడండి. మిషను ఎక్కడా ఆగకుండా పనిచేస్తేనే ప్రయాణం." శుక్రవారం పొద్దున్నే బయలుదేరాలి. వ్రతం టిక్కెట్టు కూడా తీసేశారు. అంటే బుధవారం కల్లా వాకిట్లో నిలబెట్టిన బండికి ఇంటి కరెంటు అందాలి. లేకపోతే మాణిక్యాంబ గారికి ఈ ఏడూ అన్నవరం లేనట్టే.

"ఓస్, ఇంతేగా!" అనుకున్నారు కుక్కుటేశ్వరరావు గారు. ఆదివారం పొద్దున్న పూజగదిలో సీరియల్ బల్బుల దండ పెట్టే ప్లగ్గులోంచి ఎక్స్‌టెన్షన్ వైరొకటి తీసి, కిటికీలోంచి బండికి లాగారు. వైరు ముప్ఫై మీటర్లు. కావలసింది పది. మిగతాది చుట్ట విప్పకుండానే సోఫా కిందికి తోశారు. ఏసీ వెలిగింది. ఆయన లోపల మెత్తటి సీట్లో కూర్చుని రిమోటు నొక్కుతూ, ఒక ఇంజినీరు మిస్సయ్యాడు దేశానికి అనుకున్నారు.

పనిమనిషి పాపాయి కింద నిలబడి, తలుపు పట్టుకుని కాఫీ గ్లాసు అందించబోయి, చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది.

"అయ్యగారండీ, బండి జిల్లుమంటందండి."

"ఏం కాదే. చేతులు తడిగా ఉండుంటాయి. తుడుచుకుని రా."

పాపాయి చేతులు తుడుచుకుని వచ్చింది. ఈసారి తలుపు ముట్టుకోకుండా దూరం నుంచే గ్లాసు అందించింది. మరో గంటకి సోఫా కిందినుంచి కమురు వాసన వచ్చింది. చుట్టగా పడి ఉన్న వైరు వేడెక్కి, కరిగి, గచ్చుకి అతుక్కుపోయింది. సోఫా అంచు కూడా నల్లబడింది. ఆయన భార్య రాజరాజేశ్వరి గారు ఫోను తీసుకొచ్చి భర్త చేతిలో పెట్టారు.

సోమవారం ఎనిమిదింటికల్లా స్కూటరు ఆగింది. యెహెజ్కేలు గారు బండిని చూసి సంబరపడిపోయారు. చుట్టూ మూడుసార్లు తిరిగారు. చక్రాలు నొక్కి చూశారు, మెట్టు కింద దూరి చూశారు. తర్వాత పూజగదిలో ప్లగ్గు విప్పి, లోపలికి టార్చి వేశారు.

"షావుకారు గారూ, దీనికి మూడో తీగ లేదండి. ఎర్తు. మూడో కన్నం అలంకారానికుంది."

"అయ్యో, అలాగాండీ!"

"ఎవరు చేశారండి ఈ వైరింగు?"

"ఎవరో కుర్రాడండీ. పరీక్ష లేకుండా చేస్తానన్నాడని..." కుక్కుటేశ్వరరావు గారు మాట మింగేశారు.

మాస్టారు నొచ్చుకున్నట్టు లేదు. నోటుబుక్కు తీశారు. ఇక వైర్ల కొలతలు అడుగుతారనుకుంటే, ఆయన అడిగినవి వేరే.

"ఈ వాకిలి ఎవరు కడుగుతారండి?"

"పాపాయి."

"ఎన్నింటికి?"

"తెల్లారి అయిదున్నరకి."

"ఆరేసరికి ఎన్నవుతుంది?"

కుక్కుటేశ్వరరావు గారికి తెలియదు. ముప్ఫై ఏళ్ళుగా ఆ వాకిట్లోనే తిరుగుతున్నారు గానీ, అది ఎప్పుడు ఆరుతుందో ఏనాడూ చూడలేదు. మాస్టారు సుద్దముక్క తీసి, తడి ఉన్నంత మేరా గచ్చు మీద గీత గీశారు. బండి మెట్టు సరిగ్గా ఆ గీత మధ్యకి వచ్చింది. కుక్కుటేశ్వరరావు గారికి కరెంటు పనికీ వాకిలి తడికీ సంబంధమేమిటో తెలుసుకోవాలని తహతహ పట్టుకుంది. కొట్టు తాళాలు గుమస్తాకి పంపించేసి మాస్టారి వెనకాలే తిరగడం మొదలుపెట్టారు.

"బండెక్కేటప్పుడు చెప్పులెక్కడ విప్పుతారండి?"

ఈ ప్రశ్నకి రాజరాజేశ్వరి గారే వరండాలోంచి జవాబిచ్చారు. "మెట్టు కిందేనండి. లోపల వాసవి అమ్మవారి పటం, స్వామివారి పటం పెట్టాం కదా. చెప్పులతో ఎక్కుతామా?"

"అంటే తడి నేల మీద ఉత్తి కాళ్ళతో నిలబడి, ఇనప తలుపు పట్టుకుంటారు."

"దేవుడుండగా ఏమవుతుందండీ?"

"దేవుడి జోలికి నేను రానండి అమ్మా. నేల తడి జోలికే వస్తాను" అన్నారు యెహెజ్కేలు గారు, చాలా మర్యాదగా.

అరగంట వాదన నడిచింది. మాస్టారు లూథరన్, ఆవిడ నిత్యపూజల మనిషి. ఇద్దరూ తగ్గలేదు. గదిలోంచి అంతా వింటున్న మాణిక్యాంబ గారు తీర్పు చెప్పారు. "మెట్టు దగ్గర పొడి చెక్కబల్ల వేయించండి. చెప్పులేసుకునే మెట్టెక్కి, గుమ్మం లోపల విప్పి పెడదాం. స్వామికి చెప్పులు తెలియనివా ఏంటి?" మాస్టారు ఆవిడ గదివైపు తిరిగి నమస్కారం పెట్టి, బుక్కులో ఏదో రాసుకున్నారు.

మంగళవారమంతా పని. మీటరు నుంచి బండి కోసమే వేరే లైను, గొట్టంలో లావుపాటి వైరు. పెరట్లో నిలువెత్తు గొయ్యి తవ్వించి, గొట్టం దించి, బొగ్గూ ఉప్పూ వేసి, నీళ్ళు పోసి ఎర్తు చేశారు. వాన పడినా తడవకుండా మూతున్న నీలం రంగు ప్లగ్గు, దాని పక్కన తాళమేసే పెట్టె. పెట్టెలో ఒక స్విచ్చిని బొటనవేలితో ముద్దుగా నిమిరారు. "ఇదండీ అసలుది. కరెంటు దారి తప్పి మనిషిలోంచి పోబోయిందా, కనురెప్ప వేసేలోగా తనే ఆరిపోతుంది."

"ఆరిపోతే అమ్మ మిషనండీ?" అన్నారు కుక్కుటేశ్వరరావు గారు.

"బండి బ్యాటరీ అందుకుంటుందండి. చూడండి." మాస్టారు మిషను బండిలో పెట్టించి, నడిపించి, మీట నొక్కి ఆర్పారు. బండిలో ఊపిరి మిషను ఒక్క క్షణం కూడా ఆగలేదు. కుక్కుటేశ్వరరావు గారికి ఆయన్ని కౌగిలించుకోవాలనిపించింది. అప్పటికి పరీక్ష సంగతి మర్చిపోయారు.

బుధవారం పది గంటలకి హాల్లో పరీక్ష. మొదట ఇంటి యజమాని.

"వైరు ముందు ఎటు పెట్టాలండి? గోడకా, బండికా?"

"గోడకి."

"తప్పు. అప్పుడు రెండో కొసలో కరెంటు పెట్టుకుని వాకిలంతా నడుస్తారు తమరు. స్విచ్చి ఆర్పి, ముందు బండికి, తర్వాత గోడకి, ఆ తర్వాత స్విచ్చి. మరి తీసేటప్పుడు?"

"అదే వరసలోనండి."

"తప్పు. తిరగేసి. వైరు పది మీటర్లు చాలు, ముప్ఫై ఉంది. మిగతాదేం చేస్తారు?"

సోఫా ఇంకా అక్కడే ఉంది. "పూర్తిగా విప్పి పరుస్తానండీ" అన్నారు దీనంగా. అదొక్కటే కరెక్టు.

"భోంచేసి రండి. మూడింటికి మళ్ళీ పెడతాను."

కుక్కుటేశ్వరరావు గారు అన్నం కలుపుతూ చదివారు. చెయ్యి కడుక్కుంటూ చదివారు. డిగ్రీ కూడా ఇంత కష్టపడి పాసవలేదు. మూడింటికి వరసగా అన్నీ సరిగ్గా చెప్పి, చివరి ప్రశ్నకి వచ్చారు.

"బండి జిల్లుమంటోందని ఎవరైనా అంటే ఏం చేస్తారండి?"

"టెస్టరు తెచ్చి చూస్తానండి."

"తప్పు" అన్నారు యెహెజ్కేలు గారు. గొంతు పెంచలేదు గానీ బుక్కులో గట్టిగా ఇంటూ కొట్టారు. "అమ్మా, మీరు చెప్పండి."

రాజరాజేశ్వరి గారు అబద్ధమాడని మనిషి. "అన్నదెవరో చూస్తానండి" అన్నారు. అది కూడా తప్పే.

నాలుగు కావొస్తోంది. పాసైనవాళ్ళు లేరు. సాయంత్రానికి కరెంటు రాకపోతే డాక్టరు చెప్పిన రెండు రోజులూ నిండవు. మాణిక్యాంబ గారు కుర్చీలోంచి చెయ్యెత్తారు.

"నాకూ పెట్టండి నాయనా. జిల్లుమందంటే ముందు ఆర్పేస్తాను. అన్నదెవరో తర్వాత అడుగుతాను."

"పాస్!" అన్నారు మాస్టారు లేచి నిలబడి. మిగతా ప్రశ్నలు కూడా ఆవిడ చకచకా చెప్పేశారు. రెండు రోజులుగా గదిలోంచి విన్నదంతా ఆవిడకి కంఠతా వచ్చేసింది. "కానీ పెద్దమ్మగారూ, తమరు వాకిట్లోకి నడవలేరు. ఇంకొకరు కావాలండి. పాపాయమ్మ గారూ, రండి."

పాపాయి వెనక్కి తిరిగి చూసింది, ఆ గారు ఎవరా అని.

"దానికెందుకండీ పరీక్ష?" అన్నారు రాజరాజేశ్వరి గారు.

"బండికి టిఫిన్లు అందించేది ఎవరండి? మీరు లోపల కూర్చుంటే, నేల మీద నిలబడేది?"

పాపాయి చీర కుచ్చిళ్ళకి చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. మూడు రోజులుగా మాస్టారికి మంచినీళ్ళు అందిస్తూ అన్నీ చూసింది. వరస చెప్పింది, వైరు విప్పడం చెప్పింది. పెట్టెలో మీట వారానికోసారి నొక్కి పరీక్షించాలని కూడా చెప్పింది. చివరి ప్రశ్న ఆమెకి కొంచెం మార్చి అడిగారు.

"బండి ముట్టుకుంటే జిల్లుమంది. ఎవరితో చెప్తారమ్మా?"

పాపాయి నేల చూసింది. అమ్మగారిని చూసింది. పరీక్ష కదా, జవాబు చెప్పకపోతే తప్పు పడుతుంది.

"ఆదివారం చెప్పానండి. చేతులు తడిగా ఉన్నాయన్నారండి."

"ఎవరు?" అన్నారు రాజరాజేశ్వరి గారు.

"ఆ ప్రశ్న నా సిలబస్‌లో లేదండి" అని మాస్టారు బుక్కు మూసేశారు. "షావుకారు గారూ, బండివి రబ్బరు చక్రాలు. ఎర్తు లేకుండా రేకులోకి కరెంటొస్తే నేలలోకి దిగడానికి దానికి దారుండదు. లోపల సీట్లో కూర్చున్నవాళ్ళకి ఏమీ తెలియదండి. కింద తడి నేల మీద ఉత్తికాళ్ళతో నిలబడి తలుపు పట్టుకున్న మనిషే ఆ దారి."

కుక్కుటేశ్వరరావు గారు మళ్ళీ ఆదివారంలోకి వెళ్ళిపోయారు. మెత్తటి సీటు, చేతిలో రిమోటు, చటుక్కున వెనక్కి వెళ్ళిన చెయ్యి. తుడుచుకుని రమ్మన్నారు. ఆమె మళ్ళీ వచ్చింది కూడా. ఆయనకి సిగ్గేసింది. ఇంట్లో అందరూ ఉండగానే, "నేనేనండీ అన్నది. తప్పు నాదే పాపాయీ" అన్నారు.

తాళంచెవి పాపాయి చేతికి వెళ్ళింది. నాలుగున్నరకి బండిలో దీపాలు వెలిగాయి.

మాస్టార్ని స్కూటరు దాకా సాగనంపుతూ కుక్కుటేశ్వరరావు గారు అడిగారు. "మాస్టారూ, పాపాయి సంగతి మీకు ముందే తెలుసా?"

"తెలీదండి. కానీ ప్రతి ఇంట్లోనూ ఇలా ఒకళ్ళుంటారండి. జిల్లుమన్నది ముందు వాళ్ళకే తెలుస్తుంది. పెద్దవాళ్ళ మీద ఫిర్యాదు చెయ్యమంటే చెయ్యరండి. అదే పరీక్షలో అడిగితే, పాపం, మార్కుల కోసం చెప్పేస్తారు." ఆయన నవ్వి హెల్మెట్ పెట్టుకున్నారు. "మా అమ్మ ఏసమ్మ గారు ఒకరింట్లో రుబ్బేవారండి. గ్రైండరు ముట్టుకుంటే కరెంటు లాగుతుందని మూడు నెలలు చెప్పారట. ఏం కాలేదు లెండి, తొంభై ఏళ్ళు బతికారు. గ్రైండరు పేరెత్తితే మాత్రం చేతులు రెండూ వెనక్కి దాచుకునేవారు."

ఇన్నాళ్ళూ ఊరంతా చాదస్తమని నవ్వుకున్న పరీక్ష దేనికోసమో కుక్కుటేశ్వరరావు గారికి అప్పుడు తెలిసింది. ఐసు ఫ్యాక్టరీ ఓనరుకి ఫోను చేసి చెప్పాలనిపించింది.

స్కూటరు స్టార్టు చేసి మాస్టారు మళ్ళీ ఆపారు. "అన్నట్టు, తాళమున్న మనిషి లేనిచోట ఈ బండికి ప్లగ్గు పెట్టకూడదండి. అన్నవరంలో కూడా. రూలు."

ఆ రూలు ఆయన అప్పటికప్పుడు కల్పించారని కుక్కుటేశ్వరరావు గారి అనుమానం. ఎందుకంటే పాపాయి మంచినీళ్ళిస్తూ, తను ఎప్పుడూ అన్నవరం చూడలేదని మాస్టారితో అనడం ఈయన చెవిన పడింది.

రెండు రోజులూ మాణిక్యాంబ గారు బండిలో హాయిగా నిద్రపోయారు. శుక్రవారం పొద్దున్న పెద్దావిడ మంచం మీద, పాపాయి కిటికీ పక్క సీట్లో కూర్చుని బయలుదేరారు. రావులపాలెం బ్రిడ్జి మీద గోదావరి కనబడేసరికి ఇద్దరూ ఒకేసారి చెయ్యెత్తి దణ్ణం పెట్టారు.

మధ్యాహ్నానికి కొండ కింద ఓ సత్రం ఆవరణలో బండి ఆగింది. వాచ్‌మన్ గోడమీద ప్లగ్గు చూపించాడు. కుక్కుటేశ్వరరావు గారు వైరు చుట్ట భుజానేసుకుని దిగారు. పాపాయి ఆయన కంటే ముందు దిగింది, కాళ్ళకి చెప్పులతో.

"బాబూ, ఆ ప్లగ్గుకి మూడో తీగుందా?"

"ఉంటుందమ్మా. పెట్టుకోండి."

"ఉంటుందంటే కుదరదు. ఆ తీగ ఎక్కడిదాకా వెళ్ళింది? గొయ్యి చూపించు. నీళ్ళెప్పుడు పోశారు అందులో?"

వాచ్‌మన్ తెల్లబోయి కుక్కుటేశ్వరరావు గారి వైపు తిరిగాడు. "ఏంటి సార్, ఈవిడ నాకు పరీక్ష పెడుతున్నారు?"

"చెప్పెయ్ బాబూ" అన్నారు కుక్కుటేశ్వరరావు గారు, వైరు పూర్తిగా విప్పి నేలమీద పరుస్తూ. "సరిగ్గా చెప్పేదాకా ఆవిడ వదలరు. నేను రెండుసార్లు ఫెయిలయ్యాను."